రమ్మని పిలిచే ఉద్యోగం

నంద్యాలలో నేను చేసిన మొదటి ఉద్యోగానికి పేరంటూ ఏమీ లేదు. ఒక భోజన హోటలు వాకిట్లో నిలబడి, దారిన పోయేవాళ్ళను లోపలికి రమ్మని పిలవడమే నా పని. జీతమిచ్చే యజమాని దాన్ని ఉద్యోగం అనలేదు, నేనూ అనలేదు. "మీరు మా హోటల్లో ఉంటే చాలు" అన్నాడాయన. దొర్నిపాడులో ఉన్న మా మామకు రాసిన ఉత్తరంలో నేను "హోటలు వ్యాపారంలో భాగం దొరికింది" అని రాశాను. ఎందుకు రాశానో రాసేటప్పుడే నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క నన్ను ఎనిమిది నెలలు కాల్చుకు తిన్నది.

నా భార్య కాన్పుకు పుట్టింటికి పోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. పాపకు నడక వచ్చింది, మాటలు కూడా వస్తున్నాయని ఉత్తరాల్లో చదువుతున్నాను. వాళ్ళను తెచ్చుకోవడానికి నాకు ఇల్లు లేదు. ఆళ్లగడ్డ దగ్గరి మా ఊళ్ళో ఉన్న భూమంతా మా నాయనా, ఆయన దాయాదులూ కలిసి కోర్టుల పాలు చేశారు. కేసు చివరకు మేమే గెలిచాం. గెలిచేనాటికి దున్నుకోవడానికి చేను ముక్క మిగల్లేదు. మా మామ రైతు, మాట సూటిగా ఉంటుంది. నా ఉత్తరానికి జవాబు రాయించాడు: "ఉగాది లోపల నేనే వచ్చి చూస్తా. నీకు నిలకడ కుదిరిందని తెలిస్తే తల్లినీ బిడ్డనూ పంపిస్తా. కుదరకుంటే నువ్వే ఈడికి రా. సేద్యం చూసుకుంటా మాతోపాటు తిందువు." ఆ చివరి మాటను ఆయన ప్రేమతోనే రాయించి ఉంటాడు. నాకు మాత్రం మామగారింట్లో పీట వేసుకుని కూర్చోవడం కంటే నంద్యాల బజార్లో ఎండకు నిలబడడమే మేలనిపించింది.

కర్నూలుకు రాజధాని వచ్చి, మూడేళ్ళకే పోయిన తర్వాతి కాలం అది. కర్నూలు సంగతి ఎట్లా ఉన్నా నంద్యాల మాత్రం ఆగలేదు. కాలువ కింద వరి, మెట్టన పత్తి, వేరుశనగ. పత్తి మిల్లులు, నూనె మిల్లులు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. గడివేముల నుంచి, చాగలమర్రి నుంచి బండ్లు తెల్లవారేసరికి ఊరి బయట బారులు తీరేవి. సరుకు అమ్మిన రైతు చేతిలో ఆనాటికి దుడ్లుండేవి. ఆ దుడ్లు ఊరు దాటకముందే ఏదో ఒక అంగడిలోకి చేరాలని ఊరంతా కాచుకుని ఉండేది. టార్చిలైట్లు అమ్మేవాళ్ళు, చేతి గడియారాలు అమ్మేవాళ్ళు, బుష్‌షర్టు సాయంత్రానికల్లా కుట్టి ఇస్తామనే దర్జీలు, బాడుగ సైకిళ్ళు, అద్దాల సెలూన్లు. మా ఊళ్ళో మంగలి ఇంటికొచ్చేవాడు. నంద్యాలలో నేను సెలూన్లో బెంచీ మీద ఆరుగురి తర్వాత ఏడోవాడిగా కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు ఆ మంగలి నా ముఖం కూడా చూడకుండా "తర్వాతెవురు" అన్నాడు. ఆ మాట నేను చాలా రోజులు మరిచిపోలేకపోయాను.

ఈ ఊపులోనే భోజన హోటళ్ళు పెరిగాయి. ఇంట్లో జొన్నరొట్టె, కొర్రబువ్వ తినే రైతు ఊరికి వచ్చిన రోజున వరిబువ్వ తినాలనుకునేవాడు. విస్తరాకు వేసి, పప్పూ నెయ్యీ పోసి, ఎంత తిన్నా ఒకటే ధర అంటే ఎవరికి చేదు? మా యజమానికి నూనె మిల్లులో వాటా ఉంది. హోటలు కొత్తగా పెట్టాడు. రోడ్డుకు అటువైపు ఇంకో రెండు హోటళ్ళున్నాయి. మూడింటిలోనూ అదే పప్పు, అదే చారు. తన హోటలుకే జనం రావాలంటే ఏం చేయాలో ఆలోచించి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

దానికి కారణం మా తాత, మేం జేజినాయన అనేవాళ్ళం. మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. పగటి భోజనానికి మగవాళ్ళు కూర్చోకముందు ఇంటి పెద్ద వాకిలి దాటి, రోడ్డు మీదికి వచ్చి నిలబడేవాడు. నంద్యాల నుంచి కడప వైపు పోయే బండ్లన్నీ ఆ దారినే పోవాలి. "తినకుండా పోయేవాళ్ళు ఎవరన్నా ఉండారా, వచ్చి తినిపోండి" అని మూడుసార్లు పిలిచేవాడు. ఎవరైనా వస్తే వాళ్ళతోపాటు, రాకపోతే కాసేపు చూసి, అప్పుడు తినేవాడు. మా నాయన కోర్టుల వెంట తిరిగే రోజుల్లో కూడా ఆ పిలుపు ఆగలేదు. పిలుపు వింటే నిజంగానే ఎవరైనా వస్తారేమోనని మా అమ్మ లోపల భయపడే రోజులు వచ్చాక ఆగింది.

యజమాని తండ్రి ఒకప్పుడు ఆ దారిలో నూనె డబ్బాల బండి తోలినవాడు. "మా నాయన మీ వాకిట్లో ఎన్నిసార్లు తిన్యాడో లెక్కలేదు. మీ ఇంటివాళ్ళు రమ్మంటే ఆ పక్కనోళ్ళు ఎవురూ ఎదురు చెప్పరంట. మీరు వచ్చి నిలబడండి, చాలు" అన్నాడు ఆయన. నేను దాన్ని గౌరవమనుకున్నాను. ఆయనది వ్యాపారం. ఇద్దరిలో ఎవరు పొరబడ్డారో తెలియడానికి పది రోజులు కూడా పట్టలేదు.

తెల్లపంచె కట్టుకుని, మా నాయన కోటు తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాను. అరవడం నాకు చేతకాదు. ఎదుటి హోటలువాడు గంట వాయిస్తూ పప్పు, చారు, పెరుగు అని పేర్లన్నీ అరిచేవాడు. నేను ముఖం గుర్తుపట్టిన మనిషి కనబడితే రెండడుగులు ముందుకు వేసి, "రాప్పా, తిని పోదువు" అనేవాణ్ణి. అంతే. ఆళ్లగడ్డ వైపు రైతు ఎవడైనా బండి పక్కకు తీసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. కడుపునిండా తినేవాడు. చేయి కడుక్కుని నా దగ్గరికి వచ్చి, "బువ్వ బాగుందప్పా. ఇంట్లో అమ్మ బాగుండాదా?" అని అడిగి, పైపంచె దులుపుకుని పోయేవాడు.

గల్లాపెట్టె దగ్గరి గుమాస్తా డబ్బుకోసం వెనకనుంచి పిలిస్తే, ఆ రైతు తిరిగి నా వైపు చూసేవాడు. ఆ చూపులో మోసం ఉంటే నాకు తేలికగా ఉండేది. మోసం లేదు. పిలిచిన ఇంట్లో అన్నం తిని ఎవరు డబ్బిస్తారు? ఇస్తే పిలిచినవాణ్ణి అవమానించినట్టు కాదా? వాళ్ళకు తెలిసిన పద్ధతి అదే, నాకు తెలిసినదీ అదే. "పోనీ" అని గుమాస్తాకు చేయి ఊపేవాణ్ణి. ఆ రైతే మరుసటి వారం వచ్చేటప్పుడు గంపెడు వంకాయలో, రెండు శేర్ల కందిపప్పో తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టేవాడు. అవి వంటింట్లోకి పంపేవాణ్ణి. మొదట్లో యజమాని నవ్వి ఊరుకున్నాడు. నన్ను చూసి లోపలికి వచ్చేవాళ్ళలో సగం మంది డబ్బు ఇచ్చేవాళ్ళే కదా. తర్వాత నవ్వడం మానేశాడు.

ఆయన నన్నొకసారి పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. పిలవడం బాగానే ఉంది, పిలిచాక "లోపల ఇంత ధర" అని ఒక్కమాట కలిపితే చాలునన్నాడు. నేను ప్రయత్నించాను. నిజంగానే ప్రయత్నించాను. మా ఊరి పక్క ఊరి ముసలాయన ఒకడు ఎదురుగా వచ్చాడు. "రాప్పా" అన్నాను. రెండో మాటకు బదులు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు చూపించాను. ఆయన తిని, పెరుగు పుల్లగా ఉందని కూడా చెప్పి పోయాడు.

అప్పుడు టికెట్టు కిటికీ పెట్టారు. వాకిట్లో కుడిపక్కన చెక్క గూడు కట్టి, ముందు ఇనుప వల బిగించి, లోపల గుమాస్తాను కూర్చోబెట్టారు. ముందు డబ్బు కట్టి, పచ్చ అట్టముక్క తీసుకుని, దాన్ని వడ్డించేవాడి చేతికిస్తేనే విస్తరాకు పడుతుంది. సినిమాకు టికెట్టు కొనడం జనానికి అప్పటికే అలవాటు కనుక అన్నానికి కొనడమూ తొందరగానే అలవాటైంది. నాకే కాలేదు. నేను పిలిచేది వాకిట్లో, వాళ్ళు పోయేది కిటికీకి. నా పిలుపుకూ వాళ్ళ భోజనానికీ నడుమ ఆ ఇనుప వల వచ్చి కూర్చుంది.

టికెట్టు వచ్చిన కొత్తలో ఒక మిషన్ బడి అయ్యవారు భోజనానికి వచ్చాడు. మా ఊరివాడే. వాళ్ళమ్మ మా పెరట్లో వడ్లు దంచేది. మా వాకిట్లో అంతమందికి అన్నం పెట్టేవాళ్ళం గానీ వాళ్ళకు మాత్రం పెరటి గోడ అవతలే పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. నేను ఆయన్ను పిలవలేదు. పిలవకూడదని అనుకోలేదు, నోరు రాలేదు. ఆయన కిటికీ దగ్గర టికెట్టు తీసుకుని, నా పక్కనుంచి లోపలికి పోతూ ఆగాడు.

"బాగుండావా అన్నా?"

వాళ్ళ నాయన మా నాయనను అయ్యా అనేవాడు. నేను బాగున్నానన్నాను. ఆలస్యంగా, "రా, లోపలికి రా" అన్నాను.

"నువ్వు రమ్మనే పని ల్యాదన్నా. టికెట్టు ఉండాది" అన్నాడు. కోపంగా కాదు. చేతిలోని పచ్చ ముక్కను చూపించి నవ్వాడు కూడా. నడిమి వరసలో, మిల్లు గుమాస్తాల పక్కన కూర్చుని, నిదానంగా తిని పోయాడు. ఆ పూటంతా నాకు ఎవరిని పిలవడానికీ మనసొప్పలేదు. ఆ మాటలో తప్పు వెతకాలని ఎంత చూసినా దొరకలేదు. అదే నాకు చిరాకు.

లోపల తినేవాళ్ళ తీరు కూడా మారుతూ వచ్చింది. మా ఇంట్లో తినేవాడు ఆకు ముందు తల వంచి కూర్చునేవాడు. ఇక్కడ టికెట్టు కొన్నవాడు వడ్డించేవాణ్ణి ఒరేయ్ అని పిలవడం కూడా ఆ ధరలో చేరిందనుకునేవాడు. పత్తి అమ్మిన ఒక కుర్ర ఆసామి రెండు టికెట్లు కొని, రెండు ఆకులు వేయించుకుని, రెండోది ముట్టకుండా లేచిపోయాడు. స్నేహితులు చూస్తున్నారని అలా చేశాడు. ఆ ఆకు ఎత్తేటప్పుడు మా సప్లయర్ ముఖం చూశాను. వడ్డించేవాణ్ణి ఆ హోటల్లో సప్లయర్ అనేవాళ్ళు. అతను బళ్ళారి వైపువాడు, నలభై దాటినవాడు. తెల్లవారుజామున నీళ్ళు తోడడంతో మొదలుపెట్టి, రెండు పూటలా వడ్డించి, బల్లలు కడిగి, ఆ బల్లల మీదే పడుకునేవాడు. ఏడాదికొకసారి ఊరికి పోవడానికి కూడా సెలవు అడుక్కోవాలి. అడిగితే, పోయి మళ్ళీ రాకపోయినా పరవాలేదని యజమాని అనేవాడట. పని కోసం వాకిట్లో రోజుకిద్దరు వచ్చి నిలబడేవాళ్ళు మరి. ఊళ్ళోకి డబ్బు వస్తున్న కొద్దీ, ఆ డబ్బు కోసం వచ్చే మనుషులూ పెరుగుతున్నారు.

టికెట్టు వచ్చినా నేను ఒక దొంగదారి కనిపెట్టాను. మరీ దగ్గరివాళ్ళు వస్తే, కిటికీ వైపు పోనీకుండా నా వెనక తీసుకుపోయి మూలనున్న బల్ల దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. సప్లయర్ వైపు చూసి తల ఊపేవాణ్ణి. అతను కొంచెం తటపటాయించి వడ్డించేవాడు. వారానికి ఇద్దరో ముగ్గురో, అంతకంటే ఎక్కువ లేదు. యజమాని నన్ను ఏమీ అనలేదు. ఇంటి పేరుకు ఆ మాత్రం విలువ ఇస్తున్నాడనుకున్నాను.

ఉగాదికి పదిహేను రోజుల ముందు మా మామ వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. వేరుశనగ బండ్లతో ఊరివాళ్ళు నలుగురు వెంట ఉన్నారు. సరుకు దించి, నేరుగా హోటలు దగ్గరికి నడిచి వచ్చారు. మధ్యాహ్నపు రద్దీ వేళ. కిటికీ ముందు బారు రోడ్డు దాకా ఉంది. నేను వాకిట్లో కోటు వేసుకుని నిలబడి ఉన్నాను. మామ నన్ను చూసి, హోటలు పైన బోర్డును చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"పాప బాగుండాదా మామా?" అన్నాను.

"బాగుండాది. ఉరుకుతాండాది, పడతాండాది. ఊళ్ళో మీయమ్మే మనవరాల్ని చూడాలని బెంగ పెట్టుకున్యాదంట."

ఆ క్షణంలో నేను చేయవలసిన పని చాలా చిన్నది. బారులో నిలబడి అయిదు టికెట్లు కొనాలి. నా దగ్గర డబ్బు ఉంది. కానీ వ్యాపారంలో భాగం ఉన్నవాడు తన హోటల్లో తానే టికెట్టు కొంటాడా? వెంట వచ్చిన నలుగురూ చూస్తున్నారు. సాయంత్రం గుమాస్తాకు చాటుగా ఇద్దామనుకున్నాను. "రండి మామా, అందరూ రండి" అని నా వెనక తీసుకుపోయి, మూల బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కండువాతో బల్ల నేనే తుడిచాను. సప్లయర్ వైపు తల ఊపాను.

అతను రాలేదు. ఇంకోసారి ఊపాను. సాంబారు బకెట్టు పట్టుకుని పక్క వరసకు పోయాడు. మామ బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను పోయి అతని చేయి పట్టుకుని, ఆకులు వేయమన్నాను. బహుశా గట్టిగానే అని ఉంటాను. అతను బకెట్టు కింద పెట్టి, గొంతు తగ్గించే చెప్పాడు. ఆ హాల్లో తగ్గించిన గొంతు ఎక్కడికైనా వినబడుతుంది.

"సామీ, మీరు రమ్మంటారు, మీ మర్యాద మీకు దక్కుతాది. టికెట్టు లేని ప్రతి ఆకుకూ కోత నా జీతంలో పడుతాది. పోయిన నెల సగమే ఇచ్చినారు. నాకూ పిల్లలుండారు సామీ. ఈరోజు అయిదుమంది అంటే నా వల్ల గాదు."

నాకు ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని ఒక్కసారైనా అనుకోలేదు. వారానికి ఇద్దరు ముగ్గురని లెక్క వేసుకున్నానే గానీ, ఆ ఇద్దరు ముగ్గురి అన్నం ఎవరి నోటి నుంచి వస్తున్నదో అడగలేదు. యజమాని ఇస్తున్నాడని నేను మురిసిన గౌరవం ఇతని జీతంలోంచి వచ్చింది. మా జేజినాయన రోడ్డు మీద నిలబడి పిలిచేటప్పుడు పెరట్లో వడ్లు దంచినవాళ్ళు గుర్తుకు వచ్చారు. ఆ ఆలోచన నాకు అప్పుడు ఇష్టం కాలేదు, ఇప్పుడూ ఇష్టంగా లేదు.

వెనక్కు తిరిగేసరికి మామ లేచి నిలబడి ఉన్నాడు. ఆకు ముందు కూర్చున్న మనిషిని తినకుండా లేపడం మా వైపు చంపినంత పని. ఆకు ఇంకా వేయలేదు, అంతే తేడా. నేనేదో అనబోతే ఆయన చేయెత్తి ఆపాడు. నలుగురినీ కూర్చోమని చెప్పి, తాను వాకిట్లోకి పోయి, బారులో చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు ముసలాయన కదా అని దారి ఇవ్వబోయినా పోలేదు. ఆయన తిరిగి వచ్చేదాకా నేను హాలు నడుమ కర్రలా నిలబడి ఉన్నాను. ఆ పావుగంటలో బయట రమ్మని పిలిచేవాడు లేకపోయినా జనం ఎప్పటిలాగే వచ్చారు.

ఆయన ఆరు టికెట్లు తెచ్చాడు. అయిదు సప్లయర్ చేతికిచ్చి, ఆరోది నా ముందు పెట్టాడు.

"కూచో. నువ్వూ తినలేదు గదా."

"నాకు వద్దు మామా."

"నువ్వు భాగస్తుడివి గాదని నాకు చాగలమర్రి సంతలోనే తెలిసింది. దాని కోసం రాలేదు నేను. జీతానికి నిలబడితే ఏం పోయింది? నేనూ ఒకరి దగ్గర గాసానికి ఉన్యా చిన్నప్పుడు. కూచో, నలుగురూ చూస్తాండారు."

గాసానికి ఉండడమంటే ఏడాది పొడుగునా ఒకరి సేద్యంలో పనిచేసి తిండిగింజలు తీసుకోవడం. మా మామ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. తన మనుషుల ముందు, అంత నిమ్మళంగా చెప్పాడు. నేను కూర్చున్నాను. ఎనిమిది నెలల్లో ఆ హోటల్లో విస్తరాకు ముందు కూర్చోవడం అదే మొదలు. నాకు వంటింట్లో గిన్నెలో పెట్టేవాళ్ళు. సప్లయర్ నా ఆకులో అన్నం వడ్డించి, నెయ్యి పోసి, "ఇంకొంచెం?" అని అడిగాడు. ఎవరినైనా అడిగినట్టే అడిగాడు. మామగారి అన్నం తినకూడదని నంద్యాలకు వచ్చినవాణ్ణి, ఆయన కొన్న టికెట్టుతో తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి ఇన్ని నెలల్లో ఏ ఒక్కరూ నాకు చెప్పలేదు.

వాళ్ళు పోయేటప్పుడు మామ మిగతా మాటలు చెప్పాడు. నిలకడ అంటే తనకు కావలసింది భాగం కాదు, నెల నెలా వచ్చే జీతమేనన్నాడు. ఈ పని ఉన్నంతకాలం తల్లినీ బిడ్డనూ పంపడానికి అడ్డు లేదన్నాడు. "ఇంకోసారి నాకు అబద్ధం రాయాకు" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే యజమాని పిలిచాడు. హాల్లో జరిగిందంతా గుమాస్తా చెప్పి ఉంటాడు. సప్లయర్ జీతం కోసిన సంగతి నేను అడిగాను. అది తమ లోపలి సంగతి అన్నాడు. నా నుంచి కోసుకోమన్నాను. "మీ దగ్గర ఎట్లా కోస్తాం? మీరు పెద్దింటివాళ్ళు" అన్నాడు. అందులో ఎగతాళి లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. నేను పట్టుబట్టాను. పిలిచే మనిషి అవసరమే ఇంక లేదన్నాడాయన. ఎదుటి హోటలువాడు మైకు పెట్టాడట, తానూ పెడతాడట. కిటికీ గుమాస్తాను మిల్లుకు పంపుతున్నాను, ఇష్టముంటే రేపటినుంచి ఆ గూట్లో కూర్చోండి, లేకుంటే మీ దారి మీరు చూసుకోండి అన్నాడు. సప్లయర్ సంగతి మళ్ళీ ఎత్తితే, "అతని కోత మీ జీతంలో రాసుకుంటాలే" అని తేల్చేశాడు.

ఇనుప వల వెనక కూర్చుని, మా వైపు మనుషుల చేతుల్లోంచి అన్నానికి డబ్బు తీసుకోవాలి. మా ఇంట్లో ఎవరూ చేయని పని. ఆ మాట యజమానితో అనలేదు. అంటే ఆయనకు అర్థమయ్యేది కూడా కాదు. వద్దని కోటు విడిచి, పెట్టె సర్దుకుంటే, మరుసటి వారం దొర్నిపాడులో పీట వేసుకుని కూర్చోవాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నాకు ఎవరి మీద కోపమో కూడా తేల్చుకోలేకపోయాను. యజమాని మీద కోపగించుకుందామంటే ఆయన తన వ్యాపారం తాను చేసుకుంటున్నాడు. సప్లయర్ మీద అంతకంటే వీల్లేదు. మామ అయితే నాకు అన్నం పెట్టాడు.

మరుసటి రోజు గూట్లో కూర్చున్నాను. కోటు ఆ గూట్లో పట్టలేదు, మోచేతులు చెక్కకు తగులుతున్నాయి. విప్పి మేకుకు తగిలించాను. మొదట వచ్చినవాళ్ళంతా కొత్త ముఖాలు. మధ్యాహ్నం ఆళ్లగడ్డ వైపు రైతు ఒకడు వచ్చి, వాకిట్లో నా కోసం అటూ ఇటూ చూశాడు. వల వెనక నన్ను గుర్తుపట్టి గట్టిగా నవ్వాడు.

"ఏందప్పా, బోనులో కూచున్యావు?"

"ఎంతమంది?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. నడుముకు చుట్టుకున్న సంచి విప్పి, డబ్బు పలక మీద పెట్టాడు. చేతికివ్వలేదు. నేను పచ్చ ముక్క అటువైపు జరిపాను. వారం రోజుల్లో "ఎంతమంది" అనే మాట ఏ తడబాటూ లేకుండా రావడం మొదలైంది. అంత త్వరగా వస్తుందని నేను అనుకోలేదు.

ఉగాది పోయిన మూడో రోజు నా భార్య, పాప బండిలో వచ్చారు. పత్తి మిల్లు వెనక ఒకే గది, ముందు చిన్న పంచ. పాప నన్ను చూసి తల్లి చాటుకు పోయింది. ఆ రాత్రి వంట అయ్యాక నా భార్య హోటల్లో నాది ఏ పని అని అడిగింది. వాళ్ళ నాయన ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో నాకు తెలియదు. ఇంతకుముందు వాకిట్లో నిలబడి రమ్మని పిలిచేవాణ్ణని, ఇప్పుడు కిటికీ దగ్గర టికెట్లు ఇస్తున్నానని చెప్పాను. ఆమె ఏమంటుందోనని చూశాను.

"పోనీలే" అంది పాపకు బువ్వ కలుపుతూ. "దినమంతా ఎండలో నిలబడేదానికంటే నీడన కూచుని చేసే పని మేలు గదా."

ఆ రెండు పనులకూ ఉన్న తేడా చెప్పాలని నోటిదాకా వచ్చింది. మేలేనన్నాను.